సంతృప్త ద్రావణం అర్థం కావాలంటే గ్లాసు అడుగు చూడండి

సంతృప్త ద్రావణం అంటే ఏమిటని అడిగితే తొమ్మిదో తరగతి పిల్లలు టక్కున చెప్పే జవాబు ఒకటుంది: "ఇక కరగని ద్రావణం." ఇది సగం జవాబే. ఏది ఇక కరగదు? దేంట్లో కరగదు? ఎంత వేడి దగ్గర కరగదు? ఈ మూడూ చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు. పరీక్షలో మార్కు పోయేది కూడా ఇక్కడే.

నేను నెల్లూరు జిల్లా అల్లూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా పిల్లల్లో చాలామంది ఇళ్లు ఉప్పు కయ్యల (సముద్రపు నీళ్లు ఎండబెట్టి ఉప్పు తీసే మడుల) మీదో, రొయ్యల గుంటల మీదో నడుస్తాయి. ఈ పాఠాన్ని వాళ్లంత దగ్గరగా చూసేవాళ్లు ఉండరు. అయినా పుస్తకం తెరిచేసరికి అది ఎక్కడో ల్యాబ్‌లో జరిగే సంగతి అనుకుంటారు. అందుకని నేను క్లాసులో చెప్పే వరసలోనే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పిల్లల్ని చదివించే తల్లిదండ్రులకూ ఇది సరిపోతుంది.

ముందు చేత్తో చేయాలి. నిర్వచనం తరవాత. ఒక గాజు గ్లాసు తీసుకుని అందులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. అంటే 100 గ్రాముల నీళ్లు. శుభ్రంగా ఉన్న కల్లుప్పును దంచి పక్కన పెట్టుకోండి. ప్యాకెట్లో వచ్చే మెత్తని ఉప్పు ఈ పనికి బాగుండదు. అది గడ్డకట్టకుండా కలిపే పొడి నీళ్లను మబ్బుగా చేస్తుంది, అడుగున కనిపించేది ఉప్పో ఆ పొడో తెలియదు. ఇంట్లో చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఉంటే తూచండి. లేకపోతే టీస్పూన్‌తో కొలవండి, తల కొట్టిన ఒక టీస్పూన్ ఉప్పు ఆరు గ్రాములకు అటూ ఇటూగా వస్తుంది.

పది గ్రాములు వేసి కలపండి, కరిగిపోతుంది. ఇంకో పది, అదీ కరుగుతుంది. మూడో పదీ కరుగుతుంది, కానీ ఈసారి కాస్త ఆలస్యంగా. ఇక్కడి నుంచి కొంచెం కొంచెంగా వేయండి, తొందరపడొద్దు. మొత్తం 36 గ్రాముల దగ్గరికి వచ్చేసరికి ఎంత తిప్పినా అడుగున పలుకులు మిగిలిపోతాయి. 40 గ్రాములు వేశారనుకోండి, అడుగున మిగిలేది దాదాపు నాలుగు గ్రాములు. పైన ఉన్న తేట నీళ్లలో మాత్రం అదే 36. ఇంకో పిడికెడు వేసినా ఆ అంకె మారదు, అడుగున కుప్ప పెరుగుతుంది, అంతే. ఆ 36 గ్రాములనే ఉప్పు ద్రావణీయత అంటాం. 100 గ్రాముల నీళ్లలో, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర.

ఇప్పుడు పైన ఉన్న తేటను జాగ్రత్తగా ఇంకో గ్లాసులోకి వంచండి. చూడ్డానికి మామూలు నీళ్లలాగే ఉంటుంది. ఇది సంతృప్తమా కాదా అని కళ్లతో చెప్పలేం. చెప్పేది ఒక్క ఉప్పు పలుకు. కంటికి బాగా కనబడే పలుకు ఒకటి ఏరి అందులో వేసి కాసేపు ఆగండి. పలుకు కరిగిపోతే అది అసంతృప్త ద్రావణం. వేసింది వేసినట్టే ఉంటే సంతృప్తం. పలుకు పెరిగితే అతిసంతృప్తం. ఈ మూడు ముక్కల పరీక్ష ఒక్కటి గుర్తుంటే ఈ పాఠంలో సగం భయం పోతుంది. నేను ఏ నిర్వచనమూ బోర్డు మీద రాయకముందే పిల్లల చేత ఇది చేయిస్తాను.

ఇక్కడే ఒక తికమక తీర్చుకోవాలి. సంతృప్తం అంటే చిక్కన అని చాలామంది అనుకుంటారు. కాదు. తమలపాకుకు రాసే సున్నాన్నే నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైన తేరిన సున్నపు తేటను తీసుకోండి. ఊదితే తెల్లబడేది అదే, మా ల్యాబ్‌లో కార్బన్ డయాక్సైడ్ పరీక్షకు వాడేదీ అదే. అది పూర్తిగా సంతృప్తమైన ద్రావణం. కానీ 100 గ్రాముల నీళ్లలో కరిగిన సున్నం గ్రాములో ఐదో వంతు కూడా ఉండదు. అంత పలచన. ఇంకోపక్క అదే 100 గ్రాముల నీళ్లలో 150 గ్రాముల చక్కెర కరిగించండి. చేతికి జిగురుగా, చిక్కగా ఉంటుంది, కానీ అది అసంతృప్తం, ఇంకా యాభై గ్రాములు హాయిగా పడుతుంది. చిక్కదనం, పలచదనం వేరే లెక్క. సంతృప్తత అనేది ఆ పదార్థానికి ఉన్న హద్దుతో పోల్చి చెప్పే మాట.

హద్దు దగ్గర ఏం జరుగుతుంది? ఇక్కడ నాకు కాస్త పట్టుదల ఎక్కువ, ఎందుకంటే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అడుగున పలుకులు కదలకుండా కూర్చున్నాయి, పైన నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి, కాబట్టి కరగడం ఆగిపోయిందనుకుంటారు. ఆగలేదు. మధ్యాహ్నం నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో కాసేపు నిలబడి చూస్తే జనం పెరిగినట్టూ ఉండదు, తగ్గినట్టూ ఉండదు. కానీ పది నిమిషాల కింద చూసిన మొహాలు ఇప్పుడు ఉండవు. దిగేవాళ్లు ఎంతమందో ఎక్కిపోయేవాళ్లు అంతమంది. గ్లాసు అడుగునా అంతే. పలుకు మీద నుంచి ఉప్పులోని కణాలు, అంటే సోడియం, క్లోరైడ్ అయాన్లు, నీళ్లలోకి పోతూనే ఉంటాయి, నీళ్లలోంచి వచ్చి పలుకు మీద కూర్చుంటూనే ఉంటాయి. రెండు వేగాలూ సమానమైన క్షణం నుంచి లెక్క మారదు. దీన్నే గతిక సమతాస్థితి అంటారు. ఇంటర్‌కి వెళ్లాక ఇదే పెద్ద అధ్యాయం అవుతుంది, ఇక్కడే పునాది పడితే అక్కడ టెన్షన్ ఉండదు.

నమ్మకం కలగాలంటే ఒక ఆధారం చూపిస్తాను. మెత్తని పలుకులు ఎక్కువగా మిగిలేలా ఉప్పు ద్రావణం చేసి, చిన్న సీసాలో పోసి, ఆవిరి పోకుండా మూత గట్టిగా బిగించి అలమరలో పెట్టండి. వారాలు గడిచేకొద్దీ చిన్న పలుకులు తగ్గి పెద్ద పలుకులు పెరుగుతాయి. నీళ్లు తగ్గలేదు, ఉప్పు కొత్తగా వేయలేదు, మొత్తం బరువు అదే. చిన్న పలుకుల దగ్గర కరగడం కొంచెం సులువు, పెద్దవాటి మీద కూర్చోవడం సులువు, అందుకే ఈ బదిలీ. కరగడం నిజంగానే ఆగిపోయి ఉంటే పలుకుల ఆకారం మారడానికి వీలే లేదు.

ఇక ఉప్పు కయ్యలకు వద్దాం. ఇస్కపల్లి వైపు ఎండాకాలంలో వెళితే ఈ పాఠం మొత్తం ఎకరాల లెక్కన పరుచుకుని ఉంటుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, అందులో మనం తినే ఉప్పు 27 గ్రాములకు దగ్గరగా. మిగతావి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. ఉప్పు హద్దు లీటరుకు మూడు వందల గ్రాముల పైమాట. అంటే సముద్రపు నీళ్లు సంతృప్తానికి ఎంతో దూరంలో ఉన్నాయి. దగ్గరికి తేవాలంటే నీళ్లను పోగొట్టాలి. ఎండ, గాలి చేసే పని అదే. నీళ్లను ఒక కయ్యలోంచి ఇంకో కయ్యలోకి మళ్లిస్తూ పోతారు, ప్రతి కయ్యలో ఇంకాస్త చిక్కబడతాయి. దాదాపు పది లీటర్లు ఒక లీటరు అయ్యేసరికి ఉప్పు హద్దుకు చేరుతుంది.

ఎంత చిక్కబడిందో చూడ్డానికి ఒక గాజు గొట్టం నీళ్లలో తేలేస్తారు, దాని మీద గీతలుంటాయి. ఉప్పు పని చేసేవాళ్లు "డిగ్రీలు" అనేది ఈ గీతల్నే. ఇది వేడిని కొలిచే డిగ్రీ కాదు, సాంద్రతను కొలిచే డిగ్రీ, పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. 1768లో ఆంటోయిన్ బొమే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసిన కొలత ఇది. సముద్రపు నీళ్లు మూడు, మూడున్నర డిగ్రీల దగ్గర ఉంటాయి. పదమూడు, పదిహేను దగ్గరికి వచ్చేసరికి జిప్సం అనే కాల్షియం లవణం దిగుతుంది. ఇరవై ఐదు దాటితే ఉప్పు. ఇరవై తొమ్మిది, ముప్పై దగ్గర మిగిలిన నీళ్లను బయటికి వదిలేస్తారు.

ఈ వరసలోనే అసలు రసాయన శాస్త్రం ఉంది. నీళ్లలో ఎక్కువగా ఉన్నది మామూలు ఉప్పు. మరి ముందు దిగేది జిప్సం ఎందుకు? దాని హద్దు చిన్నది కాబట్టి, లీటరు నీళ్లకు రెండున్నర గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. ఉన్నది కొంచెమే అయినా నీళ్లు నాలుగో వంతుకో ఐదో వంతుకో తగ్గగానే హద్దు తగిలింది. ఆ సమయానికి అవే నీళ్లు మామూలు ఉప్పు విషయంలో ఇంకా అసంతృప్తం. తరవాత ఉప్పు హద్దుకు వస్తుంది, అప్పటికీ మెగ్నీషియం క్లోరైడ్ హద్దు ఎంతో దూరంలో ఉంటుంది. ఒకే కయ్యలో, ఒకే పూట, ఒకే నీళ్లు ఒకదానికి సంతృప్తం, ఇంకోదానికి అసంతృప్తం. అందుకే "ఈ నీళ్లు సంతృప్తం" అని ఊరికే అనకూడదు, "దేని విషయంలో" అని అడగాలి. ఆ చివరి నీళ్లను వదిలేయకుండా ఇంకా ఎండబెడితే మెగ్నీషియం లవణాలు కూడా ఉప్పులో కలుస్తాయి, ఉప్పు చేదెక్కుతుంది. మెగ్నీషియం క్లోరైడ్‌కు గాలిలో తేమను లాగే గుణం ఉంది. వానాకాలంలో కల్లుప్పు జాడీలో చెమ్మగిల్లడానికి పెద్ద కారణం అదే.

మా క్లాసు పిల్ల ఒకామె వాళ్ల నాయనను ఒకసారి అడిగాను, గొట్టం వేయకుండా ఎట్లా తెలుస్తుందని. "నీళ్ల మీద తెల్లగా రేకు కట్టిందంటే ఉప్పు దిగతా ఉండాదని అర్థం టీచరమ్మా" అన్నాడు. ఆ రేకును చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. సన్నని చతురస్రాల గట్లు మెట్లు మెట్లుగా పేర్చినట్టు, మధ్యలో గుంటగా ఉంటాయి. నీళ్లు ఆవిరయ్యేది పైభాగంలో కాబట్టి ముందు హద్దు దాటేదీ పైభాగమే. అక్కడ పుట్టిన చిన్న పలుకు తలతన్యత వల్ల తేలుతుంది, బరువుకు కొంచెం కొంచెం కిందికి దిగుతుంటే అంచుల్లోనే కొత్త ఉప్పు చేరుతుంది, అందుకే నడుమ గుంట. బరువు మరీ ఎక్కువైతే మునిగిపోతుంది. అడుగున చేరినదాన్ని పొడుగు కర్రకు బిగించిన చెక్కతో గట్టుకు లాగుతారు. ఇంతలో నడి ఎండాకాలంలో ఒక వాన పడితే ఆ కష్టమంతా నీళ్లపాలు. అది మాట వరసకు అన్నది కాదు, వాన నీళ్లు కలవగానే ద్రావణం మళ్లీ అసంతృప్తం అవుతుంది, అడుగున ఉన్న ఉప్పును తిరిగి కరిగించుకుంటుంది.

వేడి సంగతి ఇప్పుడు చూడాలి. పాఠ్యపుస్తకంలో ద్రావణీయత పట్టిక ఒకటి ఉంటుంది, దాన్ని వదిలేయొద్దు. 100 గ్రాముల నీళ్లలో పొటాషియం నైట్రేట్, అంటే సురేకారం, 293 కెల్విన్ (20 డిగ్రీల సెల్సియస్) దగ్గర 32 గ్రాములు, 313 దగ్గర 62, 333 దగ్గర 106, 353 (80 డిగ్రీలు) దగ్గర 167. మామూలు ఉప్పు అయితే 293 దగ్గర 36, 353 దగ్గర 37, దాదాపు మారనే లేదు. ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టి పిల్లల్ని అడగండి: ఉప్పును సముద్రపు నీళ్లలోంచి తీయడానికి నీళ్లను కాచి చల్లార్చితే సరిపోదా? సరిపోదు. 353 నుంచి 293కి చల్లార్చినా 100 గ్రాముల నీళ్లకు ఒక్క గ్రాము రాలుతుంది. అదే సురేకారం అయితే 167 లోంచి 32 పోను 135 గ్రాములు అడుగుకు చేరుతుంది. అందుకే సురేకారాన్ని శుద్ధి చేయాలంటే చల్లార్చుతారు, ఉప్పు తీయాలంటే నీళ్లను ఎండబెడతారు. కయ్యలు అంత వెడల్పుగా, అంత తక్కువ లోతుగా ఎందుకుంటాయో దీంతో తేలిపోతుంది.

లెక్క అడిగే తీరు కూడా చూపిస్తాను. 313 కెల్విన్ దగ్గర 50 గ్రాముల నీళ్లలో సంతృప్త ద్రావణం చేయడానికి ఎంత సురేకారం కావాలి? 100కి 62, కాబట్టి 50కి 31 గ్రాములు. ఇది సులువు. జారిపోయేది ఇంకోచోట: "100 గ్రాముల ద్రావణం" అన్నప్పుడు. ద్రావణం అంటే నీళ్లూ, కరిగినదీ కలిపి. 162 గ్రాముల ద్రావణంలో 62 గ్రాములుంటే, 100 గ్రాముల ద్రావణంలో 38.3 గ్రాములే. ప్రశ్నలో నీళ్లు అన్నారా, ద్రావణం అన్నారా అని గీత గీసుకుని మొదలుపెట్టమనండి.

అతిసంతృప్తం ఇంట్లో రోజూ కనిపించేదే, పాకం పట్టేటప్పుడు. మరిగే నీళ్లలో 100 గ్రాములకు 480 గ్రాముల పైన చక్కెర పడుతుంది, 20 డిగ్రీల దగ్గర 200 చిల్లర. అంటే వేడి మీద కరిగిన పాకం చల్లారాక దాని హద్దుకు మించిన చక్కెరను మోస్తూ ఉంటుంది. పలుకు పుట్టడానికి ఒక మొదలు దొరకక అట్లా ఉండిపోతుంది. గిన్నె అంచున అంటుకున్న ఒక్క చక్కెర పలుకు జారి అందులో పడితే చాలు, దాని చుట్టూ మిగతాదంతా పలుకులు కడుతుంది. పాకం పట్టడం తెలిసినవాళ్లు గిన్నె అంచుల్ని తడిగుడ్డతో తుడుస్తారు, చల్లారేటప్పుడు గరిటె పెట్టనివ్వరు. నిమ్మరసం రెండు చుక్కలు వేయడంలోనూ రసాయన శాస్త్రం ఉంది. ఆ పులుపు కొంత చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది, అవి మధ్యలో అడ్డుపడి పలుకు కట్టనివ్వవు. పిల్లలకు పలుకు పెరగడం కళ్లారా చూపించాలంటే పటిక మేలు. గాజులా నిగనిగలాడే ముక్కలు కొని, వేడి నీళ్లలో కరిగినంత కరిగించి, వడకట్టి, చిన్న పటిక పలుకును దారానికి కట్టి చల్లారాక వేలాడదీయండి. కదపకుండా ఉంచితే కొన్ని రోజుల్లో ఎనిమిది ముఖాల పలుకు తయారవుతుంది.

వాయువుల విషయంలో లెక్క తిరగబడుతుంది, నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో పట్టే వాయువు తగ్గుతుంది. రొయ్యల గుంటలు ఉన్న ఇంటి పిల్లలకు ఇది చెప్పక్కర్లేదు. మంచినీళ్లలో 20 డిగ్రీల దగ్గర లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. నీళ్లలో ఉప్పు ఉంటే ఇంకా తక్కువ, మా గుంటల్లో ఉండే ఉప్పదనానికి ఆరున్నర చిల్లర. గాలితో సమతాస్థితిలో ఉన్నప్పుడు పట్టేది అంతే. మరి మిట్టమధ్యాహ్నం ఆక్సిజన్ మీటర్ పెడితే తొమ్మిది, పది చూపిస్తుంది కదా? నీళ్లలోని పచ్చని నాచుజీవులు ఎండలో ఆక్సిజన్ వదులుతుంటాయి, అది గాలిలోకి పోయే వేగం కంటే ఇక్కడ పుట్టే వేగం ఎక్కువ. అప్పుడు గుంట అతిసంతృప్తం. ఆ సమయంలో ఏరియేటర్ (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం) తిప్పితే ఆక్సిజన్ చేరదు సరికదా, ఉన్నది బయటికి పోతుంది. అదే ఏరియేటర్ తెల్లవారుజామున ప్రాణాలు కాపాడుతుంది, ఎందుకంటే రాత్రంతా నాచూ, రొయ్యలూ, అడుగు బురదా పీల్చేయగా నీళ్లు హద్దుకు బాగా కిందికి పోయి ఉంటాయి. ఏరియేటర్ తనంతట తాను ఆక్సిజన్ తయారుచేయదు, నీళ్లను హద్దు వైపుకు నెడుతుంది. పైన ఉంటే కిందికి, కింద ఉంటే పైకి. గోలీ సోడా కొట్టగానే పొంగడం కూడా ఇలాంటిదే, లోపలి ఒత్తిడి తగ్గగానే హద్దు పడిపోతుంది.

పదో తరగతిలో కార్బన్ పాఠం వచ్చేసరికి సంతృప్త హైడ్రోకార్బన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న పదార్థాలు) అని మళ్లీ ఇదే మాట ఎదురవుతుంది. ఇక్కడ నీళ్లు లేవు, కరగడం లేదు. కార్బన్ పరమాణువుకు నాలుగు బంధాలు. పక్క కార్బన్‌తో ఒక్కో బంధమే పెట్టుకుని మిగతా చోట్లన్నీ హైడ్రోజన్‌తో నిండితే సంతృప్తం, ఈథేన్ లాగ. కార్బన్ల మధ్య రెండు బంధాలో మూడు బంధాలో ఉంటే ఇంకా హైడ్రోజన్ చేర్చుకునే వీలుంది, అది అసంతృప్తం, ఈథీన్ లాగ. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కొబ్బరినూనె గడ్డకట్టి, పక్కనే ఉన్న వేరుశనగ నూనె కట్టకపోవడం దీనివల్లే. కొబ్బరినూనెలో కొవ్వు ఆమ్లాలు తొంభై శాతం దాకా సంతృప్తమైనవి, వాటి గొలుసులు తిన్నగా ఉండి దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. వేరుశనగ నూనెలో ఎక్కువ భాగం అసంతృప్తం, రెండు బంధాలున్న చోట గొలుసు వంగిపోతుంది. నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కిస్తే నూనె గట్టిపడి వనస్పతి అవుతుంది. ల్యాబ్‌లో అయితే బ్రోమిన్ నీళ్లు వేసి, రంగు పోతే అసంతృప్తం అంటాం. అది టీచర్ చేతిలో జరగాల్సిన పరీక్ష, ఇంట్లో వద్దు.

ఫార్ములా చూసి చెప్పమంటే ఇట్లా లెక్కపెట్టమనండి. కార్బన్ల సంఖ్యను రెట్టింపు చేసి రెండు కలపాలి, గొలుసుగా ఉన్న హైడ్రోకార్బన్ సంతృప్తం కావాలంటే అన్ని హైడ్రోజన్లు ఉండాలి. మూడు కార్బన్లకు ఎనిమిది. ఎనిమిది ఉంటే ప్రొపేన్, సంతృప్తం. ఆరే ఉంటే రెండు తక్కువ, అంటే ఒక జత. అక్కడ ఒక ద్విబంధం ఉండాలి, లేదా గొలుసు మూసుకుని వలయం అయ్యుండాలి. వలయం అయితే ద్విబంధం లేకుండానే లెక్క సరిపోతుంది, సైక్లోప్రొపేన్ అదే. బెంజీన్‌లో ఆరు కార్బన్లకు పద్నాలుగు ఉండాల్సింది ఆరే ఉన్నాయి, నాలుగు జతలు తక్కువ. మూడు ద్విబంధాలు, ఒక వలయం.